భూకంపాల చిట్టా రాసిన దొర – రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్



ఈ ప్రత్యేక సంచికకు ఒక్కొక్కరు ఒక్కొక్క మహనీయుని జీవితం రాయవలసినదిగా మన కార్యదర్శి గారు కోరినారు. మిత్రులు చాలామంది దేశనాయకులను, కవులను, వైద్యులను ఎంచుకున్నట్లు తెలిసినది. నేను ఎంచుకున్న వ్యక్తి రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. మన సీమలో మన్రో దొర పేరు, బ్రౌన్ దొర పేరు తెలియని పెద్దలు ఉండరు. ఓల్డ్‌హామ్ దొర పేరు ఇక్కడ అంతగా వినపడదు గాని, భూకంపాల శాస్త్రం చదివిన వారికి ప్రపంచంలో ఏ మూలనైనా ఆయన తెలుసు. ఆయన గతించి దాదాపు తొంభై ఏళ్లు అవుతున్నది.

గుమాస్తాగా పనిచేసి పింఛను తీసుకుంటున్నవాడికి భూకంపాల శాస్త్రవేత్తతో ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. అది ఒక నిల్ రిపోర్టు వల్ల ఏర్పడినది. ముందుగా ఆ సంగతి విన్నవించుకొని, తర్వాత ఆయన జీవితంలోకి వస్తాను.

నా నిల్ రిపోర్టు

1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున, నాలుగు గంటలకు కొద్ది నిమిషాల ముందు, మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చి వేలాదిమంది చనిపోయిన సంగతి మనందరికీ గుర్తే. గణేశ నిమజ్జనం చూసి వచ్చి నిద్రపోయిన జనం మీద రాతిగోడలు కూలినవి. ఆ తర్వాత కొన్ని రోజులకు నేను పనిచేస్తున్న కార్యాలయానికి పైనుంచి ఒక కాగితం వచ్చినది. మీ పరిధిలోని గ్రామాలలో ఆ వేకువన భూమి కదిలినట్లు ఎవరైనా గమనించినారా, గోడలు ఏమైనా బీటలు వారినవా, విచారించి గడువులోగా తెలుపవలెనని దాని సారాంశం. కార్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. తప్పు కార్యాలయానిది కాదు, నాది.

ఆ కాగితం నా సీటుకు వచ్చినది. నాకు ఆ రాత్రి ఏమీ తెలియలేదు, నిద్రలో ఉన్నాను. నాకు తెలియలేదు గనుక ఎవరికీ తెలియలేదని అనుకున్నాను. ఒక్క గ్రామాన్ని కూడా విచారించకుండా నిల్ అని రాసి సంతకానికి పెట్టినాను. ఆ వారంలోనే అడంగల్ నకలు కోసం వచ్చిన ఒక పెద్దాయన, ఆ వేకువన తమ ఇంట్లో అలమారలోని ఇత్తడి చెంబులు ఒకదానికొకటి తగిలి మోగినాయని, కొట్టంలో ఎద్దులు పలుపులు గుంజుకున్నాయని మాటల మధ్యలో చెప్పినాడు. విన్నాను. రిపోర్టు అప్పటికే తపాలాలో పోయినది. దాని వెనుక ఇంకొక్క కాగితం పంపి ఉండవచ్చు. పంపలేదు. ఎవరూ అడగలేదు, ఫైలు మూసినాను.

రెండేళ్ల కిందట సంక్రాంతికి మా మనవడు ఇంటికి వచ్చినాడు. భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. భోజనాల దగ్గర ఈ కథ నవ్వులాటగా చెప్పినాను. వాడు నవ్వలేదు. తాతా, నీకు ఒక దొరను పరిచయం చేస్తానని, 1899లో అచ్చయిన ఒక పెద్ద రిపోర్టును తన కంప్యూటరులో తెరచి, పండుగ మూడు రోజులూ చదివి తెలుగులో చెప్పినాడు. ఓల్డ్‌హామ్ గారిని నేను తెలుసుకున్నది ఆ విధంగా.

తండ్రి వదిలిన ఫైలు

రిచర్డ్ ఓల్డ్‌హామ్ 1858 జూలై 31న ఐర్లండులోని డబ్లిన్ నగరంలో జన్మించినాడు. తండ్రి థామస్ ఓల్డ్‌హామ్ అప్పటికే కలకత్తాలో పెద్ద ఉద్యోగి. మన దేశంలో ఖనిజాలను, రాతి పొరలను సర్వే చేసే భారత భూగర్భ సర్వే శాఖకు 1851లో వచ్చిన మొదటి అధిపతి ఆయనే. పాతికేళ్లు సేవ చేసి 1876లో పదవీ విరమణ పొంది, రెండేళ్లకే 1878లో కాలం చేసినాడు. విశ్రాంత జీవితం రెండేళ్లు మాత్రమే దక్కిన ఉద్యోగుల గురించి మన సంఘంలో వేరుగా చెప్పనక్కరలేదు.

కొడుకు రగ్బీ పాఠశాలలో, తర్వాత లండనులోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివినాడు. 1879లో, ఇరవై ఒక్క ఏట, తండ్రి పనిచేసిన శాఖలోనే ఉద్యోగానికి చేరినాడు. ఇది మనకు తెలిసిన కారుణ్య నియామకం వంటిది కాదు, చదువు వల్ల వచ్చినదే. అయితే తండ్రి బల్ల మీద రెండు ఫైళ్లు పూర్తికాకుండా ఉండిపోయినవి. ఒకటి, 1869 జనవరి 10న కచార్ ప్రాంతంలో వచ్చిన భూకంపం గురించిన నివేదిక. రెండవది, అతి పూర్వకాలం నుంచి 1869 ఆఖరు వరకు మన దేశంలో వచ్చిన భూకంపాల జాబితా. పాత పత్రికలు, యాత్రికుల పుస్తకాలు, అధికారుల ఉత్తరాలు వెతికి తేదీవారీగా రాసుకున్న చిట్టా అది.

కొత్తగా చేరిన యువకుడికి పాత ఫైళ్లు అంటే విసుగు సహజం. ఓల్డ్‌హామ్ గారు మాత్రం ఆ రెండింటినీ దగ్గర పెట్టుకొని, సరిచూసి, 1882, 1883 సంవత్సరాలలో తండ్రి పేరుతోనే ప్రచురింపజేసినాడు. ఆ చిట్టా మన దేశ భూకంపాల చరిత్రకు ఒక రిజిస్టరు అయినది. తర్వాత ఆయన హిమాలయాల్లోనూ, అండమాన్ దీవుల్లోనూ, ఇంకా అనేక చోట్ల సర్వే చేసినాడు. 1893లో భారతదేశ భూగర్భశాస్త్ర మాన్యువల్ రెండవ ముద్రణను తానే తిరగరాసి వెలువరించినాడు.

1897 జూన్ 12

ఆ రోజు శనివారం. సాయంత్రం ఐదుంబావు ప్రాంతంలో అస్సాంలో మహా భూకంపం వచ్చినది. దాని తీవ్రత 8కి పైన ఉండవచ్చునని తర్వాతి శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. షిల్లాంగు పట్టణంలో రాతితో కట్టిన ఇళ్లు, కచేరీలు కొన్ని సెకండ్లలో నేలమట్టమైనవి. సుమారు పదిహేను వందల మంది చనిపోయినారు. రైలు పట్టాలు పాములవలె వంకర తిరిగినవి. సాయంకాలం కావడం వల్ల జనం బయట ఉన్నారు, అదే రాత్రి అయి ఉంటే ప్రాణనష్టం ఎన్నో రెట్లు ఉండేది.

అప్పటికి ఓల్డ్‌హామ్ గారు ఆ శాఖలో సూపరింటెండెంటు. మన కచేరీల సూపరింటెండెంటు హోదా కాదు, అది చాలా పైస్థాయి. విచారణ భారం ఆయన మీద పడినది. లా టూష్, హేడన్ మొదలైన సహోద్యోగులను తలా ఒక దిక్కుకు పంపినారు. ఆయన మాత్రం ఒక గుమాస్తా మనసుకు ఎంతో నచ్చే పని చేసినాడు. ప్రశ్నలతో కూడిన కాగితాలను దేశమంతటా పంపించినాడు. మీ ఊరిలో కంపనం ఎన్ని గంటలకు వచ్చినది, ఆ గడియారం సరైనదని ఎలా తెలుసు, ఏ వస్తువు ఏ దిక్కుకు పడినది, ఎంతసేపు ఉన్నది, శబ్దం వినపడినదా అని.

జవాబులు రాసినవారిలో జిల్లా అధికారులు మాత్రమే కాదు, రైల్వే స్టేషన్లవారు, తంతి కార్యాలయాలవారు, తోటల మేనేజర్లు కూడా ఉన్నారు. తంతి కార్యాలయాల గడియారాలు రోజూ సరిచూస్తారు గనుక వాటి సమయానికి ఎక్కువ విలువ ఇచ్చినాడు. ఆయన ఆ జవాబులను పటం మీద పెట్టి, కంపనం ఎక్కడ ఎంత బలంగా ఉన్నదో గీతలు గీసినాడు. సుమారు పదిహేడున్నర లక్షల చదరపు మైళ్లలో జనానికి ఆ కదలిక తెలిసినదని తేలినది.

కూలిన స్తంభాలను, తిరిగిపోయిన సమాధి రాళ్లను కొలిచి నేల ఎంత బలంగా ఊగిందో లెక్కకట్టినాడు. కొన్నిచోట్ల నేలలో పాతుకున్న బండరాళ్లు, గుంట అంచు చెదరకుండా పైకి ఎగిరి పక్కన పడి ఉండటం చూసి, కంపన త్వరణం భూమి ఆకర్షణ త్వరణాన్ని మించిపోయినదని గ్రహించినాడు. అప్పటిదాకా ఇది ఎవరూ ఊహించని విషయం.

ఇక్కడ ఒక్క మాట. ఫాల్టు అనే దాన్ని మన శాస్త్ర పుస్తకాల్లో భ్రంశం అంటారు. మన ఇళ్లలో పరచిన బేతంచెర్ల బండ విరిగి, ఒక ముక్క కుంగితే గచ్చు మీద చిన్న మెట్టు ఏర్పడుతుంది గదా. భూమి లోపలి రాతిలో అటువంటి విరుగుడు, దాని వెంట రాయి జరగటమే భ్రంశం. భూకంపమంటే చాలా మటుకు అటువంటి పగులు వెంట రాయి ఉన్నట్టుండి జరగడమే. ఈ సంగతి ఆ రోజుల్లో ఇంకా స్థిరపడలేదు. భూమి కదలిక వల్ల పగుళ్లు వస్తాయా, పగులు జరగడం వల్ల కంపనం వస్తుందా అన్న సందేహం ఉండేది.

అస్సాంలో చేద్రాంగ్ అనే ఏటి వెంబడి నడుస్తూ ఓల్డ్‌హామ్ గారు కొత్తగా తెగిన భ్రంశాన్ని కళ్లారా చూసినాడు. పన్నెండు మైళ్ల పొడవున నేల తెగి, ఒకవైపు గరిష్ఠంగా 35 అడుగుల దాకా పైకి లేచినది. ఏరు దాన్ని దాటిన ఒకచోట జలపాతం, మరొకచోట మడుగు ఏర్పడినవి. దాన్ని కొలిచి, పటం గీసి, 1899లో తన నివేదికలో చేర్చినాడు. భూకంపంతో పాటు నేల తెగిన తీరును అంత వివరంగా రాసిన నివేదికలు ప్రపంచంలో అప్పటికి బహు కొద్ది.

భూమి గర్భంలోకి

ఆ భూకంపపు అలలు ఇటలీలోని యంత్రాల మీద కూడా గీతలు గీసినవి. ఓల్డ్‌హామ్ గారు ఆ కాగితాలను తెప్పించుకొని చూసి, ప్రతి భూకంపం మూడు రకాల అలలను పంపుతుందని కనుగొన్నాడు. ముందు వచ్చేది తోపుడు అల, తర్వాతది ఊపుడు అల, చివరికి నేల పైపొర వెంట పాకే పెద్ద అల. 1900లో దీన్ని ప్రకటించినాడు. ఈనాడు ఏ దేశంలో భూకంపం వచ్చినా, ఎక్కడ వచ్చినదో నిమిషాలలో చెప్పగలుగుతున్నారంటే, ముందు వచ్చిన అలకు, తర్వాత వచ్చిన అలకు మధ్య తేడాను లెక్కకట్టడమే దానికి ఆధారం.

ఆరోగ్యం పాడై 1903లో, నలభై ఐదేళ్లకే, ఉద్యోగం విడిచి స్వదేశం వెళ్లినాడు. మామూలుగా అక్కడితో కథ ముగియవలసినది. కాని 1906లో, పింఛనుదారుగా ఉంటూనే, దూరదేశాల భూకంపాల అలలు భూమి మధ్యగా వచ్చేటప్పుడు ఆలస్యమవుతున్నాయని గమనించి, భూమి నడుమ వేరే పదార్థంతో కూడిన గర్భం ఉన్నదని మొదటిసారి రుజువుతో చెప్పినాడు. దాని వ్యాసార్ధం భూమి వ్యాసార్ధంలో ఐదింట రెండు వంతులు ఉండవచ్చునని ఆయన అంచనా. తర్వాతివారి కొలతలలో సగానికి కొంచెం ఎక్కువ అని తేలినది. అంచనాలో తేడా ఉన్నా, దారి చూపినది ఆయనే. 1908లో లైల్ పతకం, 1911లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1920 నుంచి 1922 వరకు లండన్ భూగర్భ సంఘపు అధ్యక్ష పదవి ఆయనకు లభించినవి.

నాకు అన్నింటికంటే పెద్దదిగా తోచినది వేరొకటి. 1926లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, 1819 జూన్ 16 నాటి కచ్ భూకంపం మీద ఒక పుస్తకం వెలువరించినాడు. ఆ భూకంపంలో రాత్రికి రాత్రి ఎడారిలో ఒక పొడుగాటి మిట్ట లేచి, నదికి అడ్డం పడినది. జనం దానికి అల్లా బంద్ అని పేరు పెట్టినారు. అదే పుస్తకంలో ఆయన 1897 భూకంపం గురించి తాను రాసిన పాత నివేదికను మళ్లీ పరిశీలించి, సవరణలు కూడా చేర్చినాడు. ఎవరూ అడగలేదు. జీతం లేదు. ప్రపంచమంతా మెచ్చిన రిపోర్టు అది. అయినా ఇరవై ఏడేళ్ల తర్వాత తన ఫైలును తానే తెరచి దిద్దుకున్నాడు.

1936 జూలై 15న వేల్స్ దేశంలో ఆయన కన్నుమూసినాడు. అదే సంవత్సరం డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ అనే ఆమె, ఆయన చెప్పిన గర్భం లోపల ఇంకొక గర్భం ఉన్నదని ప్రకటించినది.

కనపడని భ్రంశం

కథ ఆయన మరణంతో ముగియలేదు. 1860లలో, మళ్లీ భూకంపం తర్వాత 1897–98లో సర్వే శాఖవారు షిల్లాంగు పీఠభూమి కొండల మధ్య దూరాలను, కోణాలను కొలిచి పుస్తకాలలో రాసి ఉంచినారు. వందేళ్లకు పైగా గడిచిన తర్వాత, 2001లో, బిల్హామ్, ఇంగ్లండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ అంకెలనే తిరగవేసి, 1897 భూకంపానికి కారణమైన అసలు భ్రంశం పీఠభూమి ఉత్తరపు అంచున, సుమారు 110 కిలోమీటర్ల పొడవున, నేలపైకి తేలకుండా లోపలే దాగి ఉన్నదని వాదించినారు. దానికి ఓల్డ్‌హామ్ భ్రంశం అని పేరు పెట్టినారు. ఈ విషయం మీద శాస్త్రజ్ఞులలో చర్చ సాగినది గాని, నేర్చుకోవలసిన పాఠం మాత్రం స్పష్టం. భ్రంశాన్ని వెతుక్కుంటూ కొండలన్నీ నడిచిన మనిషికి కూడా పెద్ద భ్రంశం కంటపడలేదు.

కిల్లారిలోనూ అంతే. దక్షిణాపథం రాతి నేల, కదలదు అని అందరి నమ్మకం. నేల పైన పెద్ద భ్రంశం కనపడలేదు. అయితే భూకంపానికి ఏడాది ముందు, 1992 అక్టోబరులో, ఆ ఊళ్లలో చిన్న కంపనాలు వచ్చినవి. జనం భయపడినారు. రాళ్లు మాట్లాడకముందు చెంబులు, కిటికీలు మాట్లాడతాయి. వినేవారు, రాసుకునేవారు ఉండాలి.

అణు విద్యుత్ కేంద్రానికి స్థలం చూడటం

ఇప్పుడు ఇదంతా మనకు ఎందుకు కావాలో చెబుతాను. ఒక ఇల్లు కూలితే ఒక కుటుంబానికి కష్టం. అణు విద్యుత్ కేంద్రం సంగతి వేరు. రియాక్టరును ఆపివేసినా లోపలి ఇంధనం రోజుల తరబడి వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. దాన్ని నీటితో చల్లబరుస్తూ ఉండాలి. భూకంపం వచ్చినప్పుడు రియాక్టరు ఆగడం ఒక్కటే చాలదు, ఆ తర్వాత పంపులు, పైపులు, కరెంటు పనిచేయాలి. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో కంపనం రాగానే రియాక్టర్లు ఆగినవి, కాని వెనుకనే వచ్చిన సముద్రపు అల జనరేటర్లను ముంచినది, చల్లబరచడం ఆగిపోయినది.

మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, స్థలం ఎంపికకు నియమాలు పెట్టినది. మా మనవడు విడమరచి చెప్పినదాన్ని సులువుగా చెబుతాను. ముందు ఆ స్థలం చుట్టూ 300 కిలోమీటర్ల దాకా ఉన్న భ్రంశాలను, చరిత్రలో వచ్చిన భూకంపాలను జాబితా వేస్తారు. తండ్రీకొడుకులు తయారుచేసిన చిట్టా వంటివి అక్కడ పనికి వస్తాయి. దగ్గరికి వచ్చేకొద్దీ పరిశీలన సూక్ష్మమవుతుంది. ఉపగ్రహ చిత్రాలు చూస్తారు, కందకాలు తవ్వి మట్టి పొరలు తెగినవా, ఎప్పుడు తెగినవి అని చూస్తారు, చిన్న కంపనాలను సైతం పట్టే యంత్రాలు పెడతారు.

భ్రంశాలన్నీ ఒకటి కావు. కోట్ల ఏళ్ల కిందట కదిలి ఆగిపోయినవి కొన్ని, మళ్లీ కదలగలిగేవి కొన్ని. మళ్లీ కదలగలిగే భ్రంశం ఐదు కిలోమీటర్ల లోపల ఉంటే ఆ స్థలాన్ని వదులుకోవలెనని నియమం. దూరంగా ఉన్నవాటికి, అవి తీసుకురాగల గరిష్ఠ కంపనాన్ని లెక్కించి, పదివేల ఏళ్లకు ఒకసారి వచ్చే అవకాశమున్న కంపనానికి కూడా రియాక్టరును భద్రంగా ఆపి చల్లబరచగలిగేటట్లు కట్టాలి. గంగ ఒడ్డున నరోరా కేంద్రాన్ని నాలుగో భూకంప జోనులో ఉన్నదని తెలిసే, తగిన బలంతో కట్టినారు.

ఈ పరిశీలన సరిగా జరిగితే ఏమవుతుందో, ఆలస్యమైతే ఏమవుతుందో ఇతర దేశాల అనుభవం చెబుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో బొడేగా బే అనేచోట రియాక్టరు కోసం తవ్విన గోతిలోనే భ్రంశం బయటపడినది. 1964లో ఆ పథకాన్ని వదులుకున్నారు. ఆ గొయ్యి నీటితో నిండి చెరువులాగా మిగిలిపోయినది. అదే తీరంలో డయాబ్లో కాన్యన్ వద్ద నిర్మాణం మొదలైన తర్వాత, చమురు వెతికేవారి పరిశోధన వల్ల సముద్రంలో కొద్ది కిలోమీటర్ల దూరంలోనే హోస్‌గ్రి అనే భ్రంశం ఉన్నట్లు తెలిసినది. కట్టినదాన్ని మళ్లీ బలపరచవలసి వచ్చి, ఏళ్ల తరబడి ఆలస్యమైనది. జపాన్‌లోని సురుగ రెండవ యూనిట్ కింద కదలగలిగే భ్రంశం ఉండే అవకాశాన్ని కాదనలేమని, 2024 నవంబరులో అక్కడి నియంత్రణ సంస్థ దాని పునఃప్రారంభానికి అనుమతి నిరాకరించినది.

మన రాష్ట్రంలో శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడను అణు విద్యుత్ కేంద్రం కోసం 2009లో సూత్రప్రాయంగా ఎంపిక చేసినారు. ఒక్కొక్కటి 1208 మెగావాట్లతో ఆరు రియాక్టర్లు అక్కడ పెట్టాలని ప్రణాళిక. నేను ఇది రాసేనాటికి రియాక్టర్ల నిర్మాణం మొదలుకాలేదు. కేంద్రం కావాలా వద్దా అన్నది వేరే చర్చ, దానికి ఈ సంచిక వేదిక కాదు. కాని కడితే, దాని చుట్టూ మూడు వందల కిలోమీటర్లలో ఎప్పుడు ఎక్కడ భూమి కదిలినదో చెప్పే పాత కాగితాలు సరిగా ఉండాలి. 1967 మార్చిలో ఒంగోలు, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం వద్ద వచ్చిన భూకంపాలు మన తరంవారికి గుర్తుండవచ్చు. ఒక పల్లెలో ఎవరో గుమాస్తా నిల్ అని రాసి ఉంటే, యంత్రాలు లేని కాలపు కంపనం శాశ్వతంగా లెక్కలో నుంచి పోతుంది. ఏమీ జరగలేదనడం ఒకటి, ఎవరూ అడగలేదనడం ఇంకొకటి. కాగితం మీద మాత్రం రెండూ ఒకే మాటగా కనపడతాయి.

మన నేల సంగతి

మన నందికొట్కూరు చుట్టుపక్కల రాళ్ల చరిత్రను 1872లో విలియం కింగ్ అనే భూగర్భ సర్వే అధికారి కడప, కర్నూలు రాతి పొరల పేరుతో పుస్తకంగా ప్రచురించినాడు. థామస్ ఓల్డ్‌హామ్ గారు శాఖాధిపతిగా ఉన్న కాలమే అది. బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల అనే మన ఊళ్ల పేర్లు రాతి పొరలకు పేర్లుగా శాస్త్ర గ్రంథాలలో నిలిచిపోయినవి. మనకు దక్షిణాన, ఎక్కువ దూరం కాదు, గని, కాల్వ గ్రామాల పేర్లతో గని–కాల్వ భ్రంశం అని ఒకటి ఉన్నది. ఇది విని ఎవరూ కంగారు పడనవసరం లేదు. అది అతి ప్రాచీనమైనది. 2002లో భారత ప్రమాణాల సంస్థ ప్రకటించిన పటంలో మన ప్రాంతం తక్కువ ప్రమాదం గల రెండో జోనులో ఉన్నది. కాని తక్కువ ప్రమాదం అంటే ప్రమాదం లేదని కాదు.

పండుగ అయిపోయి మనవడు వెళ్లిన తర్వాత నాకు మనసు నిలవలేదు. బస్సెక్కి ఆ పెద్దాయన ఊరికి వెళ్లినాను. ఆయన పోయి చాలా ఏళ్లయినదట. కోడలు ఉన్నది, ఆమెకూ అరవై దాటినవి. చెంబులు మోగిన సంగతి ఆమెకు గుర్తున్నది. ఏ సంవత్సరమో గుర్తు లేదు. లాతూరు అప్పుడా, అంతకుముందా అంటే చెప్పలేకపోయినది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకున్నారు, గోడలో బీట ఉన్నదో లేదో చూడటానికి గోడే లేదు. నేను ఆ రోజు ఒక్క వరుస రాసి ఉంటే తేదీ, ఊరు, సాక్షి మూడూ ఉండేవి. ఇప్పుడు ఒకటిన్నర మిగిలినది. ఓల్డ్‌హామ్ గారు తన రిపోర్టును ఇరవై ఏడేళ్ల తర్వాత దిద్దుకోగలిగినాడు, ఎందుకంటే ఆయన మొదట రాసి పెట్టుకున్నాడు. నేను దిద్దుకోవడానికి ఏమీ రాయలేదు. అయినా విన్నది విన్నట్లు, తెలియనిది తెలియదని, ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి మనవడికి ఇచ్చినాను.

సభ్యులకు ఒక విన్నపం. ఎప్పుడైనా నేల కదిలినట్లు తోస్తే, ముందు కుటుంబంతో బయటికి రావడమో, గట్టి బల్ల కిందికి పోవడమో చేసి ప్రాణం కాపాడుకోండి. తర్వాత గడియారం చూసి సమయం, ఊరు, ఏ వస్తువు కదిలినదో, ఎంతసేపో నాలుగు వరుసలు రాయండి. మీ పిల్లలకు చెబితే ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రానికి వారి ఫోనులో నుంచే పంపుతారు, ఆ కేంద్రం ప్రజల అనుభవాలను స్వీకరిస్తుంది. మీకు ఏమీ తెలియకపోతే, తెలియలేదని కూడా రాయండి. కాని రాయకముందు పక్కింటివారిని ఒకమాట అడగండి.

ముప్పై ఏళ్లకు పైగా కాగితాలతో బతికినవాళ్లం. ఈ పని మనకు కొత్త కాదు.

ఇట్లు,
మీ సోదర సభ్యుడు,
విశ్రాంత గుమాస్తా, నందికొట్కూరు.